మైలుతుత్తం తిన్న పురుగులు

ఒకటో రోజు

తేదీ వేయడం లేదు. నాకు ఊహ తెలిశాక సంవత్సరం లెక్కని మూడుసార్లు మార్చారు, నాలుగోసారి మార్చరన్న నమ్మకం నాకు లేదు. జిగురు బాన నా చేతికి వచ్చిన ఈ రోజునే ఒకటో రోజు అనుకుంటాను.

అతికింపు కేంద్రంలో జిగురు వండేవాళ్ళు రోజూ దినచర్య రాయాలి. ఎంత మైదా ఉడికింది, ఎంత మైలుతుత్తం కలిసింది, ఎన్ని పుస్తకాలు అతికాయి. అది కాగితానికి ముందువైపు. వెనకవైపు ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

మా ఆయన గవరయ్య పద్నాలుగేళ్ళు ఈ బాన ముందు నిలబడ్డాడు. పదకొండు రోజుల క్రితం ఆయన్ని ఉప్పుగెడ్డ మడుల్లో పనికి పంపించేశారు. ఆరేళ్ళు శిక్ష. జిగురులో మైలుతుత్తం తగ్గించాడని, అందుకే పురుగులు చావకుండా నాలుగు వందల బడుల్లో పుస్తకాల్లోని తొమ్మిదో పాఠాన్ని తినేశాయని నేరం మోపారు.

ఆయన తగ్గించలేదు. ఆ నీలం పొడి కొలిచి కొలిచి ఆయన గోళ్ళు పెళ్ళిలో కూడా నీలంగానే ఉన్నాయి. ఇవాళ మొదటిసారి నేను కొలిచాను. సాయంత్రానికి నా గోళ్ళు కూడా ఆ రంగుకి వచ్చాయి. కడుక్కోబుద్ధి కాలేదు.

నాలుగో రోజు

ఎండ బాగా కాసింది కాబట్టి ఎండబండి వచ్చింది. మబ్బు పట్టిందంటే అది కొండ మలుపు దగ్గరే ఆగిపోతుంది. పన్నెండు మూటల అతుకు కాగితాలు దింపి వెళ్ళారు.

ఇది ఏ కాలం వాళ్ళ చేతిలో పడుతుందో తెలియదు, ఒక్కసారి చెప్పేస్తాను. కంప్యూటర్ల తెరలన్నీ ఆరిపోయాక చదువు మళ్ళీ కాగితం మీదకి వచ్చింది. ప్రభుత్వం మారినప్పుడల్లా కొత్త పుస్తకాలు వేయడానికి కాగితం చాలదు. అందుకని మారిన పేజీ మీద కొత్త పేజీ అతికిస్తాం. లెక్కల పుస్తకానికి మా అవసరం ఎప్పుడూ పడలేదు. ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో తొమ్మిదో పాఠం మాత్రం వేలెడు మందం అయింది. జీవులు ఎక్కడినుంచి వచ్చాయన్నది ఆ పాఠం. ఇప్పుడున్నది స్థిర ప్రభుత్వం, వీళ్ళ అతుకు 'ఏ జీవి ఎలా వచ్చిందో అలాగే ఉంది' అని మొదలవుతుంది. దాని కింద ఉన్నది అంతకు ముందు ఏలిన ఆరోహణ ప్రభుత్వం వాళ్ళది. 'ప్రతి జీవీ మెట్టు మీద మెట్టు ఎక్కుతోంది' అని వాళ్ళు రాయించారు. ఆ రెండూ నా చేతులతోనే పరిచాను.

ఈ పని జోడుగా చేయాలి. ఒకరు పాత పేజీ మీద జిగురు పూస్తారు, ఒకరు కొత్తది పరుస్తారు. పూసేవాళ్ళు కొత్తది చదవకూడదు, పరిచేవాళ్ళు పాతది చూడకూడదు. వంటకి మారకముందు గవరయ్య పూసేవాడు, నేను పరిచేదాన్ని. పాత పేజీలో ఏముందో ఆయన గొంతు తగ్గించి నాకు చెప్పేవాడు. కొత్తదాంట్లో ఏముందో నేను ఆయనకి చెప్పేదాన్ని. ఇద్దరికీ కలిపి మొత్తం తెలిసేది. అలా చెప్పుకుంటూ చెప్పుకుంటూ, ఆయన వంటకి మారిన ఏడాదే పెళ్ళి చేసుకున్నాం.

"రెండిట్లో ఏది నిజం మావా?" అని ఒకసారి అడిగాను.

"ఆ పురుగుకేమైనా తెలుసేమో, దాన్నడుగు," అన్నాడు, పేజీ మీద పాకుతున్నదాన్ని చూపించి. ఆయనకి అదొక పిచ్చి. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే ఈయన నేల మీద బోర్లా పడుకుని పురుగులు చూసేవాడు. "ఒలే వరాలూ, బేగి రా, ఇది సూడు," అని పిలిచేవాడు. సగంసార్లు పని ఉందని వెళ్ళలేదు. ఇప్పుడు ఆ పిలుపు ఒక్కసారి వినబడితే చాలనిపిస్తోంది.

పదకొండో రోజు

నిన్న గవరయ్య వేసే కొలత కంటే సగం ఎక్కువ మైలుతుత్తం వేసి వండాను. జిగురు నెమలికంఠం రంగుకి వచ్చింది. అది పూసిన కాగితం ముక్కని గాజు సీసాలో పెట్టి, మా జిగురు గదిలో దొరికిన పురుగుల్ని ఇరవై వదిలాను. ఇవి నువ్వుగింజలో సగం ఉంటాయి. మేం జిగురు పురుగులంటాం.

ఇవాళ్టికి ఇరవైకి ఇరవై బతికి ఉన్నాయి. కాగితం సగం లేదు.

ఇందులో పెద్ద చదువు అక్కర్లేదు. నలభై ఏళ్ళుగా ఈ గదిలో ఇదే విషం పెడుతున్నాం. చచ్చేవి చచ్చాయి. ఎందుకోగాని చావనివి కొన్ని మిగిలి పిల్లల్ని పెట్టాయి. వాటి పిల్లల్లో మళ్ళీ చచ్చేవి చచ్చాయి. నెలా పదిహేను రోజులకి ఒక తరం. జీవులు మారవని చెప్పే కాగితాన్ని అతికించీ అతికించీ, మారిన పురుగుని మేమే తయారు చేశాం. గవరయ్య ఉంటే ఈ మాటకి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఒక్కదాన్నే నవ్వుకున్నాను గానీ మధ్యలోనే ఏడుపు వచ్చేసింది.

పంతొమ్మిదో రోజు

విచారణాధికారి పరమేశం గారి దగ్గరికి వెళ్ళాను. గవరయ్య కాగితాల మీద సంతకం పెట్టినది ఆయనే. దురుసు మనిషి కాదు, కుర్చీ వేయించారు. నష్టానికి కారణాలు రాసే పత్రం తీసి చూపించారు. అందులో నాలుగే గళ్ళున్నాయి. నీరు ఎక్కువ, మైదా పాతది, మైలుతుత్తం తక్కువ, పనివాడి అశ్రద్ధ.

"ఐదో గడి ఒకటి గీయండి బాబూ. పురుగు మారిందని," అన్నాను.

ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. "వరహాలమ్మా, ఈ మాట ఇక్కడ అన్నారు సరే, బయట అనకండి. అది నేను రాస్తే ఉప్పుగెడ్డలో మీ ఆయన పక్క మడి మీకిస్తారు, దాని పక్కది నాకిస్తారు."

"నిజం కాదా మరి?"

"నిజమా కాదా అని నన్నెవరూ ఇంతవరకూ అడగలేదమ్మా. ఏ గడిలో టిక్కు పెట్టావని అడిగారు."

వచ్చేటప్పుడు మాత్రం మెల్లగా ఒక మాట అన్నారు. మాటలు చాలవు, కళ్ళకి కనిపించేది ఏదైనా ఉంటే తీసుకురండి, చూద్దాం అన్నారు. ఆ 'చూద్దాం' పట్టుకుని ఇంటిదాకా నడిచాను.

ఇరవై ఆరో రోజు

కనిపించేది కావాలంటే ఎప్పుడూ మైలుతుత్తం రుచి చూడని పురుగులు కావాలి. మా కేంద్రం జిగురు తగలని కాగితం ఈ ఊళ్ళో ఎవరింట్లో ఉంటుంది? గేటు ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్న చిలకమ్మని అడిగాను. విషయం చెప్పగానే ఆవిడ గ్లాసు ఠక్కున కింద పెట్టేసింది.

"పురుగు మారడమేటి వదినా? ఆ మాట నాకాడ అనకు."

"కళ్ళారా చూశాను చిలకమ్మా."

"నువ్వు సూసింది పురుగుని. నాను సూసింది మనుసుల్ని. మారడం, ఎక్కడం అని ఆరోహణపోల్లు సెప్పిన రోజులు నాకు బాగా తెల్సు. మా అయ్యకి కార్డు మీద మూడో మెట్టని ముద్దరేసినారు. మూడో మెట్టోడు ఊరి నూతిలో చేద ఎయ్యకూడదు. ఆడి పిల్లలు పై మెట్టు బడికి ఎల్లకూడదు. ఎక్కలేక కిందుండిపోయిన జాతట మాది! ఈ స్థిరపోల్లొచ్చి, ఎవలెలగ పుట్టినారో అలగే ఉన్నారు, ఎవలూ ఎవలికీ కింద కాదన్నారు. ఆ ఒక్క మాటకి నాను ఈల్లకి దణ్ణం పెడతాను."

నేను ఆ రోజుల్లో రెండో మెట్టు. నూతిలో చేద వేసేదాన్ని.

సాయంత్రం కొట్టు కట్టేసే వేళకి ఆవిడే పిలిచి లోపలికి తీసుకెళ్ళింది. మంచం కిందనుంచి రేకుపెట్టె లాగింది. నిండా కార్డులు. వాళ్ళ వీధిలో అరవై రెండు కుటుంబాల మెట్టు కార్డులు. ప్రభుత్వం పడిపోయినప్పుడు కాల్చేయమని అందరూ వాళ్ళ అయ్యకి ఇస్తే ఆయన కాల్చలేదట. ఎవరైనా అలా జరగలేదంటే చూపించాలని దాచాడట. పెట్టె అడుగున పొడిపొడిగా ఉంది, దాంట్లో పురుగులు కదులుతున్నాయి.

"నీ మొగుడు మంచోడు. ఆడి కోసం తీసుకెల్లు," అంది.

ముప్పై ఏడో రోజు

రెండు సీసాలు. పెట్టె పురుగులు నలభై, కేంద్రం పురుగులు నలభై. రెండిటికీ ఒకే బానలోని జిగురు, ఒకే కాగితం, ఒకే కిటికీ. తొమ్మిది రోజులు పొద్దునా మధ్యాహ్నం చూశాను.

పెట్టె పురుగుల్లో ముప్పై ఎనిమిది చచ్చాయి. కేంద్రం పురుగుల్లో మూడు.

సీసా పక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇంత పెద్ద సంగతి కళ్ళముందు జరిగితే పక్కన మోచేత్తో పొడిచి చూపించడానికి మనిషి లేకపోవడం ఎంత కష్టమో రాయడం నాకు చేతకాదు. నమ్మే మనిషి అక్కర్లేదు. నాతో కలిసి వంగి చూసే మనిషి కావాలి.

నలభయ్యో రోజు

సీసాలు చెంగు కింద పెట్టుకుని పరమేశం గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశారు. ఆయన ముఖంలో ఆశ్చర్యం కనిపించింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"ఇవి వేరే జాతి అని రాస్తే?" అన్నారు తనలో తానే.

"వేరే జాతి కాదు బాబూ. రెండిటినీ ఒక సీసాలో వేస్తే జతకడుతున్నాయి, గుడ్లు పెడుతున్నాయి."

"అది కాదమ్మా అడ్డం. వేరే జాతి అయితే జాతుల పట్టికలో పేరుండాలి. పట్టిక మూసేసి పదకొండేళ్ళయింది. కొత్తగా చేర్చడానికి వీల్లేదు." సీసాలు నా వైపు జరిపారు. "నన్ను క్షమించండి వరహాలమ్మా. నేను చూడలేదు."

చూసి చూడలేదన్న మనిషి మీద కోపం రావాలి. జాలి వేసింది. దాంతో నాకు ఒరిగిందేమీ లేదు.

అరవై మూడో రోజు

పోయిన వారం ప్రభుత్వం పడిపోయింది. మేం మధ్యాహ్నం గంజి తాగుతుండగా జెండా మార్చారు. ఆరోహణ వాళ్ళు తిరిగి వచ్చారు. ఈసారి మెట్లు ఉండవని, కార్డులు ఉండవని మైకులో పదే పదే చెప్పారు.

వారం తిరక్కుండా కొత్త అతుకు కాగితాలు దిగాయి. తొమ్మిదో పాఠం మళ్ళీ జీవులు మారాయనే చెబుతోంది. ఎదురుగా ఉన్న బడి నుంచి వినబడుతోంది. పోయిన నెల 'అలాగే ఉంది, అలాగే ఉంది' అని వల్లె వేయించిన మేష్టారు, అదే గొంతుతో, అదే బెత్తంతో, 'ఎక్కుతోంది, ఎక్కుతోంది' అని వల్లె వేయిస్తున్నారు. టీ కొట్టు దగ్గర ఒక పెద్దమనిషి, "మారకపోడమేటండీ, నాకు సిన్నప్పట్నించీ అనుమానమే," అన్నాడు. అందరూ తలూపారు. పోయిన నెల కూడా ఇలాగే ఊపారు. చిలకమ్మ మాత్రం గ్లాసులు కడుక్కుంటూ ఉండిపోయింది.

నాకు వాళ్ళని చూసి నవ్వే హక్కు లేదు. జెండా మారగానే ముందు నేనే పరిగెత్తాను. పరమేశం గారు అదే కుర్చీలో ఉన్నారు. చొక్కాకి కొత్త బిళ్ళ పెట్టుకున్నారు, పాత బిళ్ళ గుచ్చిన చిల్లులు పక్కనే ఉన్నాయి. ఆయన నన్ను చూసి నవ్వారు. "మీ సీసాలకి రోజులొచ్చాయి. పై మండలికి రాస్తాను. కాస్త టైము పడుతుంది, ఓపిక పట్టండి," అన్నారు.

ఓపికకేం, ఆరేళ్ళకి సరిపడా తెచ్చుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చి గవరయ్య రెండో చొక్కా ఉతికి ఆరేశాను.

డెబ్బయ్యో రోజు

మైలుతుత్తం గోదాముకి సీలు వేశారు. పాత ప్రభుత్వం సరుకంతా తనిఖీ చేయాలట, ఎప్పుడు తీస్తారో తెలియదు. ఉత్త మైదా జిగురుతోనే అతికించమని చెప్పారు.

సీసాల్లో పురుగులకి కూడా అదే వేయాల్సి వచ్చింది. చిలకమ్మ పెట్టె నుంచి నలభై, కేంద్రం నుంచి నలభై, మళ్ళీ రెండు కొత్త సీసాలు పెట్టాను. దేనికని అడిగితే చెప్పలేను. చూసే అలవాటు పట్టుకుంది. గవరయ్య అలవాటు నాకు అంటుకుంది. అవి తింటుంటే చూస్తూ ఉంటే ఆయన పక్కన కూర్చున్నట్టు అనిపిస్తుంది, అంతే.

తొంభై ఎనిమిదో రోజు

మూడు రోజులు మబ్బు. బండి లేదు, పని లేదు. పై మండలి నుంచి కబురు లేదు. ఉప్పుగెడ్డ నుంచి వచ్చిన ఒకావిడ గవరయ్యని చూశానని చెప్పింది. చేతులు పగిలాయట, మనిషి తగ్గాడట. మడి గట్టు మీద వంగి ఏవో ఉప్పునీటి పురుగుల్ని చూస్తూ కాపలావాడి చేత తిట్లు తింటున్నాడట. ఆవిడ వెళ్ళాక ఆ మాటని మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నాను.

నూట ముప్పై మూడో రోజు

ఉత్త జిగురు సీసాలు పెట్టి అరవై మూడు రోజులు. ఈ రోజు తెల్లకాగితం మీద ఒంపి, ఈకతో జరుపుతూ లెక్కపెట్టాను.

పెట్టె పురుగులు మూడు వందల పన్నెండు అయ్యాయి. కేంద్రం పురుగులు తొంభై నాలుగు. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టాను. రెండోసారి మూడు వందల పదకొండు, తొంభై నాలుగు.

విషం ఉన్నప్పుడు ఠీవిగా బతికినవి, విషం లేకపోతే వెనకబడ్డాయి. పెరగడం ఆలస్యం, గుడ్లు తక్కువ, పెట్టిన గుడ్లలో సగం ఎండిపోయాయి. మైలుతుత్తం తట్టుకోవడానికి ఒంట్లో ఏదో ఖర్చు పెట్టుకున్నాయి గాబోలు. అంటే అవి ఏ మెట్టూ ఎక్కలేదు. ఉన్నచోటికి తగ్గట్టు మారాయి. చోటు మారితే ఆ మార్పే బరువైంది. వీటిలో పైది ఏది, కిందది ఏది? ఏ గదిలో అని అడగకుండా ఆ మాటకి జవాబు లేదు.

మొదట చిలకమ్మకి చెప్పాలనిపించింది. గవరయ్య ఉంటే ముందు ఆయనకి చెప్పేదాన్ని.

నూట ముప్పై నాలుగో రోజు

అనుకోకుండా ఈ రోజే పరమేశం గారు కబురు పెట్టారు. బల్ల మీద రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి నా సీసాల గురించి నివేదిక. ఇంకొకటి గవరయ్య విడుదల ఉత్తర్వు, సంతకం ఒక్కటే తక్కువ.

"మండలికి తెగ నచ్చింది. తొమ్మిదో పాఠంలోనే వేస్తారట, గోడబొమ్మలు కూడా. మీరు ఇక్కడ వేలిముద్రో సంతకమో పెడితే రెండోదాని మీద నేను పెడతాను."

చదివాను. 'విషాన్ని జయించిన పురుగు పైమెట్టు పురుగు. చనిపోయినది కిందిమెట్టు పురుగు' అని ఉంది.

"బాబూ, ఇంకో రెండు సీసాలున్నాయి," అని ఉత్త జిగురు సంగతి చెప్పాను. ఆయన విన్నారు. మొత్తం విన్నారు, మధ్యలో ఆపలేదు. విని, కలానికి మూత పెట్టారు.

"ఈ రెండూ ఉంటే మొదటి రెండూ ఉండవు వరహాలమ్మా. పైమెట్టు లేకపోతే ఈ పాఠం వాళ్ళకి అక్కర్లేదు. పాఠం లేకపోతే ఈ ఉత్తర్వూ లేదు. మీ ఆయనకి ఇంకా అయిదున్నరేళ్ళుంది."

"పురుగులు మారాయని ఒప్పుకున్నారు కదా!"

"ఒప్పుకున్నది పురుగుల కోసం కాదు కదమ్మా."

చిలకమ్మ గుర్తొచ్చింది. వాళ్ళ అయ్య గుర్తొచ్చాడు. వాళ్ళకంటే ఎక్కువగా గవరయ్య పగిలిన చేతులు గుర్తొచ్చాయి. నేను గొప్పదాన్ని కాదు. నాకు నా మొగుడు కావాలి. సంతకం పెట్టాను. పరమేశం గారు తన సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊదారు.

ఉత్త జిగురు సీసాలు మిగలకుండా చూసుకోవడానికి కేంద్రానికి ఆయన కూడా వచ్చారు. నేను పొయ్యి మీద నీళ్ళు కాచి ఆ రెండు సీసాల్లో పోశాను. తొంభై నాలుగూ, మూడు వందల పదకొండో పన్నెండో. ఆయన చూసి వెళ్ళిపోయారు.

నూట యాభయ్యో రోజు

గోడబొమ్మలు వచ్చాయి. ఒక సీసా మీద సూర్యుడు గీశారు, రెండో సీసా కింద చీకటి. కేంద్రం గేటుకి ఒకటి మేమే అతికించాలి. గేటు అంటే చిలకమ్మ కొట్టుకి సరిగ్గా ఎదురు.

ఆవిడ వచ్చి నిలబడి నెమ్మదిగా కూడబలుక్కుని చదివింది.

"సచ్చిపోయినయ్యి మా పెట్టిలోయి కదా వదినా?"

"అవును."

"ఆటికి కింది మెట్టని పేరెట్టినారు."

"పురుగులకే చిలకమ్మా. మనుషులకి మెట్లు లేవన్నారు కదా."

"పురుగులకి మెట్లు కట్టినోల్లు మనుసులకి కట్టకుండా ఉంటారేటి?" అంది. గొంతులో కోపం కూడా లేదు. టీ చల్లారిపోతోంది తాగమంది. తాగాను.

నూట అరవై రెండో రోజు

వచ్చాడు.

మధ్యాహ్నం ఎండబండి వెనక మూటల మీదనుంచి దిగాడు. నేను ముందు గుర్తుపట్టలేదు. తర్వాత బాన వదిలేసి పరిగెత్తాను. అరచేతులు గరుకుగా, తెల్లగా ఉన్నాయి, గోళ్ళలో నీలం పోయింది. అందరి ముందూ ఆ చేతులు పట్టుకుని ఏడ్చాను. "ఒలే ఊరుకో, మైదా మాడిపోతంది," అన్నాడు. నిజంగానే మాడింది.

అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు. ఉతికిన చొక్కా వదులైంది. కుట్టు వేస్తానంటే, పర్లేదు నానే పెరుగుతాను అన్నాడు. నూట అరవై రెండు రోజుల్లో మొదటిసారి ఇల్లు ఇల్లులా ఉంది.

నూట అరవై మూడో రోజు

పొద్దున్నే నిద్రలేచి అరుగు మీద కూర్చున్నాడు. టీ ఇచ్చాను.

"దారంట నీ బొమ్మే సూసినాను వరాలూ. ఏడు సోట్ల బండి ఆగింది, ఏడు సోట్లా ఉంది. నా పెల్లాం పని అని పక్కోడికి కూడా సెప్పీసినాను. ఎంత బాగా సూసినావే! నాను పద్నాలుగేల్లు సూసీ ఇంత దూరం రానేదు."

నేను ఆయన గ్లాసులో ఇంకాస్త టీ పోశాను.

"కానొక్కటి. దారంతా అదే ఆలోచన. మైలుతుత్తం నేకుండా పెట్టి సూసినావేటి? ఉత్త జిగురులో రెండిట్లో ఏది ఎక్కువ పెరుగుతాదో? బొమ్మలో అది నేదు."

ఏడు చోట్ల బండి ఆగింది. ఎన్ని వేల మంది ఆ బొమ్మ చూసి ఉంటారు! నమ్మినవాళ్ళున్నారు, నమ్మనివాళ్ళున్నారు. ఈ ప్రశ్న అడిగినవాడు ఈయనొక్కడే. దీని కోసమే ఈ మనిషిని చేసుకున్నాను. దీని కోసమే ఇన్నాళ్ళూ కొట్టుకుపోయాను. ఇప్పుడు ఆ ప్రశ్న నా అరుగు మీద కూర్చుని నా ముఖంలోకి చూస్తోంది.

చూశాను అంటే, ఏవీ అంటాడు. వేణ్ణీళ్ళు పోశానని చెప్పాలి. ఎందుకు పోశావంటాడు. నీ కోసం అని చెప్పాలి. ఇప్పుడే వచ్చిన మనిషి నెత్తిన ఆ బరువు ఎలా పెట్టను?

"లేదు మావా. చూడలేదు," అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఐతే మనిద్దరం సూద్దాం! ఇయ్యాలే పెట్టీద్దాం." టీ సగంలో వదిలేసి చిలకమ్మ కొట్టుకి వెళ్ళాడు. ఆవిడ మంచం కింద పెట్టె తీసి ఇచ్చిందట. సీసాలు కడిగి, ఆరబెట్టి, నేల మీద బోర్లా పడుకుని, ఈకతో పురుగుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "బేగి రా వరాలూ, ఇది సూడు, ఎలగ నడుస్తందో!"

ఈసారి పని ఉందని అనలేదు. వెళ్ళి పక్కన బోర్లా పడుకున్నాను.

ఈ సీసాల్లో ఏం జరుగుతుందో నాకు అంకెలతో సహా తెలుసు. రెండు నెలలకి ఆయనకీ తెలుస్తుంది. తెలిసింది దాచుకునే మనిషి కాదు. కొట్టు దగ్గర చెబుతాడు, బడి ముందు చెబుతాడు, పరమేశం గారికి నవ్వుతూ తీసుకెళ్ళి చూపిస్తాడు. చిలకమ్మ పిల్లలకి ఆ మాట అవసరమే. ఉప్పుగెడ్డ మడులు ఎక్కడికీ పోలేదు. ఆయన మాట్లాడకుండా ఆపాలంటే ఇప్పుడే ఆపాలి. ఆపితే ఆయన ఇక గవరయ్య కాడు.

భుజానికి భుజం తగులుతోంది. ఉప్పు వాసన ఇంకా పోలేదు. పక్కనే ఉన్న మనిషి కోసం ఇంతగా బెంగపడడం నాకు ఇదే మొదటిసారి.

"ముప్పై తొమ్మిది," అన్నాడు ఆయన, సీసా మీద నుంచి కళ్ళు తిప్పకుండా. "ఇంకొకటి అందియ్యి."

అందించాను.